ప్రభుభోజనపు గిన్నెకు కొత్త పూత

మా అమ్మకు మెరవని వస్తువంటే ఒళ్లు మంట. పెనుగొండ దగ్గర మా ఊరి చర్చిలో ద్రాక్షరసం పోసి పంచే ప్రభుభోజనపు గిన్నె తోమే పని ఏళ్ల తరబడి ఆమెదే. శనివారం సాయంత్రం గిన్నెను ఒళ్లో పెట్టుకుని, పళ్లపొడితో రుద్ది రుద్ది, అందులో తన ముఖం కనిపిస్తేగానీ లేచేది కాదు. దేవుడి బల్ల మీదకు వెళ్లేది కాబట్టి ఇంట్లో వెండికన్నా గట్టిగా తోమాలని ఆమె లెక్క.

తీరా చూస్తే అది వెండి కాదు, ఇత్తడి మీద వెండి పూత. ఆ సంగతి బయటపడేసరికి అంచు పక్కన పూత పోయి పచ్చటి ఇత్తడి తేలింది. అమ్మ ఆ మచ్చను గోడవైపు తిప్పిపెట్టి కొన్నాళ్లు నెట్టుకొచ్చింది. చివరికి భీమవరంలో టీచరుగా ఉన్న నాకు ఫోన్ చేసి ఏడ్చేసింది.

"ఇది చూస్తే ఇంక నన్ను గిన్నె ముట్టుకోనివ్వరే!"

నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. పాస్టరుగారికి చెప్పి, గిన్నెను తువ్వాలులో చుట్టి, రాజమండ్రిలో పూతలు వేసే షాపుకు తీసుకెళ్లాను. షాపాయన పాత పూత దించి, తిరిగే గుడ్డ చక్రానికి ఆనించి ఇత్తడిని నున్నగా చేశారు. వేలు పెడితే జారిపోయింది. అడుగున గరుకుంటే పూత దాన్ని దాచదట, ఇంకా ఎత్తి చూపిస్తుందట. ఆ తర్వాతే వెండి నీళ్ల తొట్టిలో ముంచారు. ఇచ్చేటప్పుడు, "పొడులు ముట్టించకండి. ఎప్పుడైనా నల్లబడితే మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలండి," అన్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక గిన్నెను చూసి అందరూ మురిసిపోయారు. పాస్టరమ్మగారు అమ్మ చేయి పట్టుకుని, "ఇంక మీకు తోమే బాధ తప్పిందండి, హాయిగా ఉండండి," అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. అమ్మ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. నా ప్రాణం ఉసూరుమంది.

"అలా కాదండీ," అనేశాను. "వారం వారం మెత్తటి గుడ్డతో తుడవకపోతే పూత పాడైపోతుందని షాపాయన మరీమరీ చెప్పారండి. అలవాటున్న చెయ్యే అయ్యుండాలంట."

"అయితే మీరే చూసుకోవాలండి," అన్నారు పాస్టరమ్మగారు అమ్మతో.

 ఇంటికొచ్చి గుమ్మం ఎక్కగానే అమ్మ మొదలుపెట్టింది. "ఎప్పుడైనా తుడిస్తే చాలన్నారని నువ్వే కదే చెప్పావు? చర్చిలో నిలబడి అబద్ధమాడతావా? సిగ్గు లేకపోతే సరి!"

తిడుతూనే ట్రంకుపెట్టె తెరిచింది. పసితనంలో నాకు ఉయ్యాల కట్టిన పాత నూలు చీర తీసి, చెంపకు ఆనించి చూసుకుని, అంచును పళ్లతో కొరికి సర్రున చింపింది.