అరిసెల పిండి కలిపిన మిక్సర్

మా వంటింట్లో బియ్యం డ్రమ్ము పక్కన, పాత తువ్వాలు కప్పిన మిక్సర్ ఒకటి ఉంది. పచ్చళ్లు రుబ్బేది కాదు. పైనుంచి గిన్నెలోకి కొక్కెం దిగి, గుండ్రంగా తిరుగుతూ కేకు పిండి గిలక్కొట్టేది. దాని స్టీలు గిన్నెలో ఇప్పుడు మినప్పప్పు నానబోస్తున్నాం.

జాకెట్లు కుట్టి కొనుక్కున్నాను దాన్ని. ఈ ఇంట్లో నాది అని చెప్పుకోదగ్గ వస్తువు అదొక్కటే. మా ఆయనా, మా పెద్ద తోడికోడలూ టీచర్లు. నేను పదో తరగతితో ఆగిపోయాను. లెక్కలు మాత్రం ఎవరూ చెప్పకుండానే పట్టుబడ్డాయి. కేకులు వీడియోలు చూసి మొదలుపెట్టినా, కుదిరింది తూకం మొదలుపెట్టాకే. కప్పులూ చెంచాలూ నేను నమ్మను. ఒకరి కప్పు ఇంకొకరి కప్పు కాదు. పెంకు తీసిన గుడ్డు యాభై గ్రాములు. ఐదు గుడ్లు, వాటికి సమానంగా వెన్న, పంచదార, మైదా. కిలో కేకు.

రాజోలు దగ్గర మా చర్చిలో క్రిస్మస్ ఆరాధన అయ్యాక అందరికీ కేకు పంచుతారు. ఏటా బేకరీ నుంచే వచ్చేది. పోయినేడు పాస్టరమ్మగారు నన్ను గేటు దగ్గర ఆపేరు.

"ఈసారి కేకు మీరే చెయ్యాలమ్మా. మీ చేతిది తిన్నాక ఆ బేకరీది గొంతు దిగట్లేదండి."

ఇన్నేళ్లుగా ఆ చర్చిలో నేను ఒక టీచరుగారి భార్యని, ఒక మేడమ్‌గారి తోడికోడలిని. నన్ను నన్నుగా పిలిచి ఒక పని అప్పగించడం అదే మొదలు.

"ఆయ్, చేస్తానండి," అన్నాను. ఇల్లు చేరేలోపే లెక్క తేలింది. రెండు వందల మంది. కిలోకి పాతిక ముక్కలు. ఎనిమిది కేకులు. మిక్సర్లో విడతకి రెండు.

పండగ ముందురోజు పొద్దున్నే గుడ్లకని బజారుకి వెళ్లి వచ్చేసరికి, మా తోడికోడలు నా మిక్సర్ ముందు నిలబడి ఉంది. గిన్నె నిండా అరిసెల పిండి.

బెల్లం పాకంలో తడి బియ్యప్పిండి కలపడం ఇద్దరు చేసే పని. ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డు వేసి తిప్పాలి. చల్లారేకొద్దీ బిగుసుకుపోయి భుజాలు లాగేస్తుంది. సాయానికి వస్తానన్న మనిషి రాలేదట.

"నీ మిషనుందిగా అని ఇందులో పోసేనమ్మా. ఎంత బాగా కలిపిందనుకున్నావ్! ఇదిగో, ఇప్పుడే ఆగింది. ప్లగ్గేవన్నా వదులైందేమో చూడు."

ప్లగ్గు కాదు. స్విచ్ వేస్తే మోటారు చప్పుడు చేస్తోంది, కొక్కెం మాత్రం కదలడం లేదు. లోపల పళ్లచక్రం అరిగిపోయింది. కేకు పిండి జారుగా ఉంటుంది కాబట్టి రెండు కిలోలైనా తిప్పుతుంది గానీ, గట్టి ముద్దపిండి కిలోన్నర దాటకూడదని కాగితం మీద రాసి దాని పక్కనే అంటించి పెట్టాను.

"ఎంత పోసేరక్కా?"

"రెండు కిలోల పిండి. పాకం వేరేననుకో."

"కాగితం చూళ్లేదా?"

"చూసేను. కేకులకేమో అనుకున్నాను. అరిసెలని రాయలేదుగా నువ్వు!"

వరండాలోంచి మా అత్తగారు అందుకున్నారు. "పోనిద్దురూ, పండగపూట మిషను కోసం మాటలేంటి? పూర్వం మేం మిషన్లెట్టే వండేమా?"

నేను బేసిన్ తీసి చేత్తో మొదలుపెట్టాను. వెన్నా పంచదారా తెల్లగా పొంగేదాకా గిలక్కొట్టాలి. చెయ్యి పీకుతోంది గానీ, రాత్రిలోపు నాలుగు విడతలూ అయిపోతాయని లెక్క చెబుతోంది. అప్పుడు మా ఆయన గుమ్మంలోకి వచ్చారు.

"నీకెందుకా అవస్థ? బేకరీకి ఫోన్ చేసేసేను. ఎనిమిది కిలోలేగా? పాస్టరుగారికీ చెప్పేసేను."

నాకు మేలు చేసినవాడి మొహంతో నిలబడ్డారు. బేసిన్‌లో వెన్న అప్పుడే తెల్లబడుతోంది.

మర్నాడు బేకరీ కేకు పంచారు. ఆ మధ్యాహ్నం మా ఇంటికి వచ్చినవాళ్లందరూ అరిసెల్నే మెచ్చుకున్నారు.

"ఇంత మెత్తగా ఎలా వచ్చేయండి?" అన్నారు పాస్టరమ్మగారు.

"మా మిక్సర్లో కలిపేనండి," అంది మా తోడికోడలు.

పాస్టరమ్మగారు నా వైపు తిరిగి, "మీకు ఒంట్లో బాలేదని మాస్టారు ఫోన్‌లో చెప్పేరంట. ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నారు.

మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"బానే ఉందండి," అన్నాను. చేతికి పని కావాలని ఒక అరిసె తీసుకుని తిన్నాను. నిజంగానే మెత్తగా ఉంది.

మళ్లీ పండగ దగ్గరికొచ్చింది. మొన్న మా తోడికోడలు అడిగింది. "ఆ మిక్సర్ బాగుచేయించకూడదా? అరిసెలకి భలే ఉంటుంది."

"ఆ పార్టు దొరకట్లేదక్కా," అన్నాను.

వేసవిలోనే దొరికింది, అమలాపురంలో. తెల్లటి చక్రం, అరచేతిలో ఇమిడిపోయేంత. పళ్లన్నీ వేలితో తడిమి చూసుకుని, బీరువాలో చీరల మధ్య పెట్టాను. పాస్టరమ్మగారు కేకు మాట ఎత్తితే ఆ పూటే బిగిద్దామని. ఎత్తలేదు. నిన్న చర్చి దగ్గర కనిపించి, "ఆరోగ్యం జాగ్రత్తమ్మా," అన్నారు.