మిరప టిక్కీల మధ్య పుట్టినరోజు

తొమ్మిదో పుట్టినరోజుకి స్నేహితులెవరూ వద్దని మా అమ్మాయే అందనీ, ఆ వయసుకే అంత బుద్ధి ఎవరికుంటుందనీ మా అత్తగారు చెబుతుంటారు. మొన్న ఫంక్షన్ హాల్లో మా ఆడపడుచు మనవడి పుట్టినరోజుకి వచ్చిన పిల్లలు పోటీలుపడి బెలూన్లు పగలగొడుతుంటే, ఆవిడ ఆ కథ మళ్ళీ ఎత్తుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆహా అన్నారు. నోట్లో పకోడీ ఉండి ఊరుకున్నాను గానీ, జరిగింది అది కాదు.

ఆ ఏడు మిర్చి ధర పడిపోయింది. కోల్డ్ స్టోరేజీల్లో చోటు లేదు. ధర లేచాకే అమ్ముతానని మా మామగారు పంటంతా అద్దంకిలో మేముండే ఇంటికి తోలించారు. హాలు నిండా టిక్కీలు, మనిషెత్తున పేర్చిన మిరపకాయల గోతాలు. డాబా మీద రంగు పోయిన తాలుకాయ ఆరబోత. సోఫా ఎక్కడుందో సోఫాకే తెలియదు. వంటింట్లోకి పక్కవాటుగా నడిచి వెళ్ళాలి. ఎం.ఏ. చదివిన నేను ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని పప్పుకి తాలింపు పెట్టేదాన్ని. ఆ ఇంట్లో ఎవరేమనాలన్నా ముందు తుమ్మి తర్వాత అనాల్సిందే.

అలాంటప్పుడు, ఒంటిపూట బడుల రోజుల్లో, పుట్టినరోజొచ్చింది. పిల్ల క్లాసు మొత్తాన్నీ పిలుస్తానంది.

“టిక్కీల మీద కూర్చోబెడతావా? ఆరుగురికి మించి పట్టరు,” అన్నారు అత్తగారు.

“పుట్టినరోజు ఏడాదికొకటే అత్తయ్యా. ఓ నాలుగు టిక్కీలు బయట పెట్టిస్తే కొంపలు మునుగుతాయా?”

“కాయ ఎండకి రంగు పోతే మీ నాన్నిస్తాడా?” అన్నారు మామగారు పేపరు వెనకనుంచి.

బయట ఎక్కడైనా హాలు మాట్లాడదామంటే మా ఆయన, “మీరూ మీరూ తేల్చుకోండి,” అని చెప్పులేసుకున్నారు. ఆ ఇంట్లోంచి బయటికి దారి దొరికింది ఆయనొక్కరికే.

చివరికి ఆ ఆరుగురెవరో పిల్లనే చెప్పమన్నాం. గోతానికి ఆనుకుని కూర్చుని తెగ ఆలోచించింది. ఒక పేరు అంటుంది, వెంటనే ఆ పిల్ల పక్కన కూర్చునే పిల్ల గుర్తొస్తుంది.

“నీకు బాగా ఇష్టమైనవాళ్ళని చెప్పవే,” అన్నాను.

“పిలవకపోతేనేగా అమ్మా, వాళ్ళంటే ఇష్టం లేదని మిగతావాళ్ళకి తెలిసేది?”

మర్నాడు పొద్దున పాలు తాగుతూ, “ఎవరూ వద్దులే,” అంది. “నా బంగారు తల్లి!” అని అత్తగారు మెటికలు విరిచారు. ఆవిడ చెప్పే కథ అక్కడితో ఆగుతుంది.

ఆ సాయంత్రం టిక్కీల సందులో స్టూలేసి కేకు పెట్టాం. కొవ్వొత్తి ఊదబోయి పిల్ల గట్టిగా తుమ్మింది. కొవ్వొత్తి ఆరిపోయింది, అందరం నవ్వి చప్పట్లు కొట్టాం. దాని కళ్ళు ధారగా కారుతున్నాయి. “ఘాటమ్మా, ఘాటు,” అంటూ మామగారు కండువాతో తుడిచారు.

ఆ కాయ తర్వాత ఇంకా తక్కువకే పోయింది. గోడలకి మళ్ళీ మళ్ళీ రంగులు వేయించాం. అయినా వానాకాలం చెమ్మెక్కితే హాల్లో ఇప్పటికీ ఎవరో ఒకరు తుమ్ముతారు. మా అమ్మాయి నా ఎత్తు దాటింది, ఇంజనీరింగ్‌లో చేరింది. మొన్న వాళ్ళ నాయనమ్మ కథ విని నవ్వి ఊరుకుంది. ఏళ్ళు గడిస్తే అన్నీ చల్లారతాయంటారు. సరే, గడిచాయి. ఆ సాయంత్రం దాని కళ్ళలో నీళ్ళు ఘాటుకే వచ్చాయా?