నలభై వేల పదాల దింపు

ఆ ఆదివారం పొద్దున్న మా వరండాలో ఉన్నవాళ్ళు నలుగురు: నాన్న, అమ్మ, అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేసే మావయ్య, నేను. ఉన్న వస్తువులు: నా ల్యాప్‌టాప్, అమలాపురంలో ప్రింటు తీయించిన నూట అరవై నాలుగు పేజీలు, అవి గాలికి ఎగరకుండా పైన పెట్టిన ఒక కొబ్బరికాయ, నాలుగు కాఫీ గ్లాసులు.

ఒప్పందం ఆరు నెలల కిందటిది. నా ఇంజనీరింగ్ పూర్తవగానే ఐ.పోలవరం దగ్గర రొయ్యల మేత ఫ్యాక్టరీలో ఉద్యోగం చూశారు నాన్న. నేను నవల రాస్తానన్నాను. ఆరు నెలల్లో నలభై వేల పదాలు రాస్తే ఇంకో ఆరు నెలలు ఇంట్లో కూర్చోవచ్చు, లేకపోతే ఫ్యాక్టరీలో చేరాలి అని తేల్చారు. లెక్క చూసే పని మావయ్యది. ఆయన లెక్కపెట్టిన కాయల్ని మా వైపు ఎవరూ మళ్ళీ లెక్కపెట్టరు.

నేను పద్ధతిగానే మొదలుపెట్టాను. ముందు స్ప్రెడ్‌షీట్. తేదీ, లక్ష్యం, రాసిన పదాలు, మొత్తం, మిగిలినవి, ఆనాటి ఉత్సాహం ఐదుకి ఎంత. రంగులు కుదరడానికి రెండు వారాలు పట్టింది. నవల ఫైల్లో ఎన్ని పదాలుంటే అన్నీ వాటంతటవే షీట్‌లోకి చేరేలా చిన్న ప్రోగ్రాం కూడా రాశాను. ఆ ఆరు నెలల్లో నేను చివరిదాకా రాసింది అదొక్కటే.

తర్వాత, నవల రాయడం ఎలాగో తెలుసుకోవాలి కదా. ఒక గ్రంథాలయం యాప్‌లో చేరాను. ఒక విడతకి మూడు ఈ-పుస్తకాలు ఇస్తారు, పద్నాలుగు రోజులు ఉంచుకోవచ్చు. పదిహేనో రోజు పొద్దున్నకి పుస్తకం ఫోన్లో ఉండదు. మళ్ళీ కావాలంటే వరుసలో నిలబడాలి. త్వరగా రాయడం గురించిన ఒక పుస్తకం కోసం ఐదు వారాలు ఆగాను. గడువు లోపల చదవాలన్న కంగారులో రాయడానికి తీరిక దొరికేది కాదు. యాప్ కాపీ చేయనివ్వదు కాబట్టి ముఖ్యమైన పేరాలన్నీ చేత్తో టైపు చేసి, ఎక్కడో పోకుండా నవల ఫైల్లోనే చివర పెట్టుకున్నాను. చూడబోతే అన్ని పేరాలూ ముఖ్యమైనవే. ఐదో నెలకి షీట్‌లో మొత్తం నలభై వేలు దాటి, ఆ గడి ఆకుపచ్చగా మారింది. అది చూసి అమ్మ పూతరేకులు తెప్పించింది.

ల్యాప్‌టాప్ మావయ్య వైపు తిప్పాను. మొత్తం 41,208.

“చూడండి మావయ్యా, పన్నెండు వందలు పైనే ఉన్నాయి.”

“ఆయ్, బాగుందిరా అల్లుడూ. అది మిషను లెక్క. దింపిన కాయలు నేను చూడొద్దా?” అంటూ ఆయన కాగితాల మీది కొబ్బరికాయ పక్కన పెట్టారు.

తన కొట్లో ఆయన రెండు చేతులా కాయలెత్తి జతలుగా లెక్కపెడతారు. పనికిరానిది పక్కకి దొర్లుతుంది, అంకెలోకి రాదు. పేజీల్నీ అలాగే వేరు చేయడం మొదలుపెట్టారు. ఒక పేజీ దగ్గర ఆగారు.

“‘రచయిత రోజూ తప్పకుండా రాయాలి’ అనుంది. నీ నవల్లో ఈ మాట ఎవరంటున్నార్రా?”

“ఎవరూ అనరండీ. అది లైబ్రరీ పుస్తకంలోది. టైపు చేసింది మాత్రం నేనే.”

“పక్కోళ్ళ తోటలో చెట్టెక్కి దింపింది నువ్వే అయితే, కాయలు నీవైపోతాయేంట్రా?”

19,450 పదాలు పోయాయి. ఆయన కుప్ప వేసినకొద్దీ షీట్‌లోంచి తీసేసింది నేనే.

“పోనీ సగమన్నా వేసుకోరా తమ్ముడూ. కళ్ళు పొడుచుకుని కొట్టేడు పాపం,” అంది అమ్మ.

“సగం కాయ లెక్కెట్టగా ఎప్పుడన్నా చూసేవా అక్కా?”

తర్వాతి కుప్పలో పాత్రల పట్టికలు, వాళ్ళ ఎత్తు బరువులు, రాయబోయే అధ్యాయాల ప్రణాళికలు. “ఇయ్యన్నీ పిందెలురా,” అన్నారు. 7,870. ఆపైన మొదటి అధ్యాయం పాత ప్రతులు, ఒకటి కాదు, ఐదు. దిద్దినప్పుడల్లా పాతది దాచుకునే అలవాటు నాది. “ఒకే కాయని ఆరు మాట్లు లెక్కెట్టేవు,” అన్నారు. 11,572.

చేతిలో తొమ్మిది పేజీలు మిగిలాయి. వాటిని మావయ్య పక్కన పెట్టలేదు, చదివారు. కాఫీ చల్లారినా తల ఎత్తలేదు.

“బానే రాసేవు. మరి ఆ రేవులో పడవెక్కిన పిల్ల ఏమైందిరా?”

“ఇంకా రాయలేదండీ.”

“ఆరు నెలల్నించీ పడవలోనే ఉందా?”

“ఆయ్.”

నాన్న అప్పటికే ఫ్యాక్టరీ మేనేజరుకి ఫోన్ కలిపారు. “ఆయ్, రేపు ఎనిమిదింటికల్లా వచ్చేస్తాడండీ. లేదండీ, ఇంకే పనీ లేదు,” అన్నారు.

మావయ్య నా పెన్ను అడిగి తీసుకుని పై పేజీ మూల అంకె వేసి, కింద సంతకం పెట్టారు.

2,316.