బానెట్ కింద నా పళ్లెం

మా చిన్నప్పుడు... అంటూ ఈ గ్రూపులో అందరూ రాసేవి ఇష్టంగా చదువుతాను. నేను మాత్రం ఇది ఇష్టంతో రాయడం లేదు. పోయిన వారం చినబాబు గారు తమ పాత తెల్ల వ్యాగన్ కారుని బాగుచేయించి వీడియో పెట్టారు. "చదువు రాని డ్రైవరు చేతిలో పడి దీని టర్బో కాలిపోయింది, అంతా నేనే మళ్లీ నిలబెట్టాను" అన్నారు అందులో. ఆ డ్రైవరు మా నాన్న ఏసోబు. ఇప్పుడు కలిదిండి చుట్టుపక్కల చెరువుల మీద డీజిల్ ఇంజన్లు బాగుచేస్తున్నారు. వీడియో చూసిన ఇద్దరు రైతులు తమ ఇంజన్ల మీద ఇక చెయ్యి వెయ్యొద్దన్నారు. అందుకే రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... ఆ బండి వస్తోందంటే చెరువు గట్టు మలుపులోనే తెలిసేది. సన్నటి ఈల... అది టర్బో చప్పుడు. బండి చినబాబు గారి నాన్నగారిది. ఆయన్ని మేం పెదబాబు గారనేవాళ్లం. వెనక సీట్లు మడిచి చేపల మేత బస్తాలు వేసేవారు.

నాన్నకి చదువు రాదు, నిజమే. కానీ పొగ నల్లగా వస్తే డీజిల్ ఎక్కువవుతోందనీ, నీలంగా వస్తే ఆయిల్ తాగుతోందనీ చెప్పేవారు. డీజిల్ పంపు మీద స్క్రూ పావు చుట్టు తిప్పి, చెవి ఒగ్గి విని, అందులో సగం వెనక్కి తిప్పేవారు. కొల్లేరు పొంగి నీళ్లు రోడ్డెక్కినప్పుడు ఇంజను నీళ్లు పీల్చకుండా గాలి గొట్టాన్ని పైకప్పు దాకా లేపింది ఆయనే. వీడియోలో మీరు "నా ఐడియా" అని తట్టి చూపించిన గొట్టం అదే, చినబాబు గారూ...

టర్బో అంటే తెలియనివాళ్లకి చెబుతాను. ఇంజను వదిలే వేడి పొగతో తిరిగే చిన్న చక్రం అది. ఇంజనులోకి గాలిని గట్టిగా తోస్తుంది. బండి జోరుగా వచ్చి ఆగీ ఆగగానే తాళం తిప్పేస్తే దానికి ఆయిల్ అందదు. కాలిపోతున్న చక్రం పొడిగా తిరిగి పాడవుతుంది. అందుకని ఆగాక కాసేపు ఇంజను అలా ఉంచాలి...

నాన్న చేతికి వాచీ లేదు. నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని "పదహారో ఎక్కం అందుకోమ్మా" అనేవారు. పదహారు, పదిహేడు... పంతొమ్మిది అయ్యాకే తాళం తిప్పేవారు. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. కానీ ఎక్కాలు నాకు వచ్చింది ఆ సీట్లోనే.

ఇక పళ్లెం సంగతి... నేను మూడో తరగతిలో ఉండగా అమ్మ ఏలూరులో స్టీలు పళ్లెం కొని నా పేరు కొట్టించింది. ఏం పేరని కొట్టు ఆయన అడిగితే, కాగితం మీద నేనే రాసిచ్చాను. సువార్త. మా ఇంట్లో ఒక వస్తువు మీద పడ్డ మొదటి పేరు అది.

ఆ ఏడాది వానలకి టర్బో వేడికి అడ్డుగా ఉండే రేకు తుప్పుపట్టి ఊడిపోయింది. పక్కనున్న రబ్బరు గొట్టం వేడికి మెత్తబడుతోంది. అవతల చేపలకి మేత వెళ్లాలి. నాన్న ఇల్లంతా వెతికి, చివరికి నా పళ్లెం పట్టుకుని నిలబడ్డారు.

"ఇది ఇస్తావా అమ్మా?"

ఏడుస్తూనే ఇచ్చాను. రేకు కత్తెరతో కోసి, రెండు బోల్టులతో బిగించారు. పేరున్న ముక్క పోకుండా కోశారు. ఆ పేరు పైకి కనిపిస్తే పెదబాబు గారు ఏమనుకుంటారోనని లోపలివైపు పెట్టారు...

నేను ఆరో తరగతికి వచ్చిన ఏడాది చినబాబు గారు సెలవులకి వచ్చారు. గణపవరం నుంచి దుమ్ము రేపుకుంటూ వచ్చి, గట్టు మీద ఆపి, అదే ఊపులో తాళం తిప్పేశారు. ఒక్క రెండు నిమిషాలు ఉంచండి బాబూ అని నాన్న బతిమాలారు.

"ఏం ఏసోబూ, నీ కూతురు ఎక్కాలు ఒప్పజెప్పేదాకా నేను ఎండలో కూర్చోవాలా?"

గట్టు మీదున్న వాళ్లంతా నవ్వారు. నేనూ అక్కడే ఉన్నాను.

సెలవులన్నాళ్లూ మీరు అలాగే నడిపారు, చినబాబు గారూ. ఈల కాస్తా అరుపు అయింది. వెనక నీలం పొగ... ఎవరి పని ఇది అని పెదబాబు గారు అడిగినప్పుడు మీరు నేల చూశారు. నాన్న మీ పేరు చెప్పలేదు. మర్నాటి నుంచి నాన్నని పనిలోకి రావద్దన్నారు పెదబాబు గారు.

ఇప్పుడు నేను వట్లూరు దగ్గర ఒక కాలేజీలో పిల్లలకి ఇంజన్ల ల్యాబ్ చెబుతున్నాను. ఆ రెండు నిమిషాల గురించి మా పుస్తకాల్లోనూ ఉంది. నాన్న మాత్రం "పెద్దోళ్లతో మనకెందుకమ్మా, పోనీ" అంటున్నారు. నేను పోనివ్వను.

చినబాబు గారూ, వీడియోలో మీరు బానెట్ ఎత్తి టర్బో పక్కన రేకు చూపించారు. "కంపెనీ రేకు, ఇన్నేళ్లయినా చెక్కుచెదరలేదు" అని మెచ్చుకున్నారు. ఆ రెండు బోల్టులు విప్పండి. రేకు తిప్పండి. దాని మీద ఉన్నది ఇంకో వీడియో తీసి అందులో చదవండి, టర్బో ఎవరి చేతిలో పోయిందో కూడా చెప్పండి. ఈ నెల ఇరవై ఐదో తేదీ సాయంత్రం దాకా చూస్తాను. ఆ తర్వాత నేనే స్పానరు పట్టుకుని, నాన్నని వెంటబెట్టుకుని మీ గేటు దగ్గరికి వస్తాను.

ఇప్పుడు పళ్లేల మీద పేర్లు కొట్టించేవాళ్లు తగ్గిపోయారు... ఏది ఎవరిదో, ఏది ఎవరు చేశారో అడిగేవాళ్లూ తగ్గిపోయారు. ఆ ఈల గుర్తున్నవాళ్లు కింద రాయండి. ఆ రోజు గట్టు మీద నవ్వినవాళ్లు కూడా... మీకూ గడువు ఇరవై ఐదే.