తవిటమ్మ చెంప మీది మూడు గీతలు

ఉద్దానంలో రెక్కల దెయ్యం తిరుగుతోందన్న మాట 2002 ఆషాఢంలో పుట్టింది. దానికి రెండు తలలున్నాయన్న మాట మాత్రం నా వల్ల పుట్టింది. ఆ తప్పు ముందే ఒప్పుకుని తవిటమ్మ సంగతి చెబుతాను.

జలంత్రకోట దాటి సముద్రం వైపు పోతే, కొబ్బరి తోటలూ జీడి తోటలూ కలిసిపోయే చోట ఆమె ఊరు. అప్పటికి అరవై దాటిన మనిషి. ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదని, ఈమె పుట్టగానే పొరుగింటావిడ చేతికిచ్చి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కున్నారట. అందుకే ఆ పేరు. ఇరవై ఏళ్లు కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే పని చేసింది. పెంకులోని రసం చర్మాన్ని కాల్చి కాల్చి వేళ్లు నల్లబడిపోయాయి. మొగుడు బంగారయ్య కాళ్లు వాచి, కిడ్నీలు పాడై చనిపోయాక ఇంటి వెనక చింతచెట్టే ఆమెకు ఆధారమైంది. చింతపండు కోసం కాదు. ఆ చెట్టు నిండా పెద్ద గబ్బిలాలు. జీడి కాలంలో అవి ఊరందరి తోటల్లోంచీ పళ్లు పట్టుకొచ్చి, తలకిందులుగా వేలాడుతూ రసం పీల్చి, పిక్కను కింద పడేస్తాయి. ఏ చెట్టు కింద పడిన పిక్క ఆ చెట్టువాళ్లది, అది ఆ ఊరి కట్టుబాటు. సెంటు తోట లేని తవిటమ్మ అలా ఏటా పిక్కలు ఏరుకునేది. “నా కూలోళ్లు రాత్రి డ్యూటీకెల్తారు” అని నవ్వేది.

ఆ ఏడాది ఊళ్లో ఐదుగురు మగవాళ్లు బంగారయ్యలాగే పోయారు. ఎందుకో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు. అలాంటి రోజుల్లో బొడ్డమ్మ కూతురు భవ్యశ్రీ, ఎనిమిదేళ్ల పిల్ల, చెంప మీద మూడు నల్ల గీతలతో ఇంటికొచ్చింది. చింతచెట్టు దగ్గర ఏదో ఎగిరొచ్చి గీరిందంది. మర్నాడు ఇంకో ఇద్దరు పిల్లలకు చేతుల మీద అవే గీతలు. మగవాళ్లను తినేస్తున్నదీ అదేనని ఊరు తేల్చేసింది.

నేనప్పుడు ఊరి పెద్ద కూర్మనాథం ఇంటి అరుగు మీద ఉన్నాను. తిరుగుతూ తిరుగుతూ ఆ దారిన వస్తే రెండు రోజులు ఆగడం నాకు అలవాటు. “దేశాలు తిరిగినోడివి, పుస్తకాలు సదివినోడివి. ఇదేటో సెప్పు బావా” అన్నాడు.

అడిగితే ఆగేవాణ్ణి కాదు. గుళ్ల స్తంభాల మీది గండభేరుండం దగ్గర మొదలుపెట్టాను. రెండు తలలు, కాళ్ల కింద ఏనుగులు; రాజులు దాన్ని చూసి పారిపోలేదు, తమ బిరుదుల్లో చేర్చుకున్నారు. తర్వాత శరభం. దానికి రెక్కలూ ఎనిమిది కాళ్లూ. నరసింహుడి ఉగ్రతను అణిచిందని శైవులంటారు, వైష్ణవులు ఒప్పుకోరు. ఆ తగువులో కాసేపు దారి తప్పాను. గరుత్మంతుడి రెక్కలు తల్లి దాస్యం విడిపించడానికి పనికొచ్చాయి. జావా అడవుల్లో మనిషంత గబ్బిలం ఉందంటారు. అమెరికాలో ఒక నది ఒడ్డు ఊళ్లో ఎర్ర కళ్ల రెక్కల మనిషి కనబడ్డాడని, ఏడాదికి అక్కడి వంతెన కూలితే ఆ పాపం వాడికి అంటగట్టారని ఒక పాత పత్రికలో చదివాను. నేను చెప్పదలచుకున్నది చివర ఉంది: రాజు కోట మీద వాలిన రెక్కలు బిరుదవుతాయి, దిక్కులేనివాళ్ల చెట్టు మీద వాలితే దెయ్యమవుతాయి. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి అరుగు సగం ఖాళీ. వెళ్లినవాళ్లు రెండు తలల్నీ, మనిషంత గబ్బిలాన్నీ మాత్రం పట్టుకెళ్లారు.

మర్నాడు పొద్దున్నే పదిమంది రంపం, గొడ్డళ్లతో చింతచెట్టు దగ్గరికి వచ్చారు; వాళ్ల వెనకే కూర్మనాథమూ నేనూ. ముందున్నవాడు పోలారావు, తవిటమ్మ మరిది.

“వదినా, తప్పుకో. సెట్టు తీసేత్తే పీడ పోద్ది.”

“ఎవుడి పీడ్రా? మీ అన్నని ఈ గబ్బిలాలే తినేసినాయా?”

“దానికి రెండు తలలున్నాయట. సదివినోళ్లే సెప్పినారు.”

ఆమె నా వైపు తిరిగింది. “నీకున్న ఒక్క తల సాల్లేదా బాబూ, దానికి రెండోది పెట్టినావు?”

నేను కూర్మనాథం వెనక్కి జరిగాను.

బొడ్డమ్మ కూతుర్ని ముందుకు తోసింది. “నా గుంట మొకం సూడత్తా! ఇది నీ సెట్టు మీది దెయ్యం కాదేటి?”

తవిటమ్మ పిల్ల గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పింది. “ఓలె బొడ్డమ్మా, జీడి మచ్చ తెలీదేటే నీకు?”

“జీడి కాలం ఎల్లిపోయి రెండు నెల్లయింది. ఆసాడంలో జీడి మచ్చేటి?”

అందరూ నవ్వారు. వాళ్లను తప్పుపట్టలేం. ఒంటి మీది మచ్చను చూసి ఏ నెలో చెప్పగలిగే ఊరది. ఆ తెలివే వాళ్లకు అడ్డొచ్చింది.

తవిటమ్మ చెట్టు కింద కుళ్లిన ఆకుల్ని కాలితో పక్కకి నెట్టింది. ఏరగా మిగిలిన పిక్కలు వానకు మొలకెత్తి ఉన్నాయి. పక్కనే చిన్న చిన్న గోతులు.

“మొలకొచ్చిన పప్పు తియ్యగుంటాది. ఈ పిల్లలు తవ్వుకున్నారు, పెంకు ఒలుసుకున్నారు, ఆ సేత్తోనే మొకం గోక్కున్నారు. మూడు వేళ్లు, మూడు గీతలు.”

భవ్యశ్రీ తల్లి వెనక్కి దాక్కుంది.

“మాటలు కాదు తవిటమ్మా, రుజువేటి?” అన్నాడు కూర్మనాథం.

ఆమె ఒక పిక్కను రాయి మీద చితక్కొట్టింది. మూడు వేళ్లు రసంలో అద్ది, తన ఎడమ చెంప మీద పైనుంచి కిందికి గీసుకుంది. నేను వద్దు వద్దంటూనే ఉన్నాను. ఆ రసం ఏం చేస్తుందో ఆమెకు నాకంటే బాగా తెలుసు.

“రేపు ఈ ఏళకి రండి. ఈ గుంట మచ్చే నాకు రాకపోతే సెట్టు కొట్టీండి, నాను ఊరొదిలి ఎలిపోతాను. వత్తే మాత్రం నా మాట ఇనాల.”

“బయం నేదా వదినా?”

“సావుకి దక్కకూడదనే తవుడు పోసి కొన్నారు నన్ను. మీకు బయపడతానేట్రా?”

మర్నాడు ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. చెంప పొంగి ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. మూడు గీతలు బొబ్బలెక్కి నల్లగా తేలాయి. కొంగు కప్పుకోలేదు. భవ్యశ్రీని పిలిచి పక్కన నిలబెట్టుకుంది. పోలారావు రంపాన్ని గోడకి ఆనించాడు.

“ఇప్పుడు నా మాట. సెట్టుని సంపడానికి పదిమంది వచ్చినారు కదా. ఆ పదిమందీ నాతో టెక్కలి ఆర్డీవో ఆఫీసుకి రండి. మన మగోళ్లు ఎందుకు పోతన్నారో తేల్చమందాం. నీళ్లు పరీక్ష సెయ్యమందాం. గబ్బిలాల మీద సూపిన పౌరుసం అక్కడ సూపండి.”

కూర్మనాథానికి ఆ రోజే కొబ్బరికాయల దింపు గుర్తొచ్చింది. ఇంకొకడికి కడుపునొప్పి. బస్సెక్కింది నలుగురు. పోలారావు రంపంతోనే ఎక్కబోతే దించి, ఇంట్లో పెట్టి రమ్మంది. అర్జీ రాసే పని నాకు పడింది.

“తలలు ఎక్కించకుండా రాయి బాబూ” అంది.

టెక్కలిలో ఆఫీసు మెట్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. కాగితం తీసుకున్న గుమస్తా ఆమె మొహం చూసి ఉలిక్కిపడ్డాడు.

“ఏటమ్మా అది? ఎవరైనా కొట్టారా?”

“నేదు బాబూ. మా ఊళ్లో దీన్ని రెక్కల దెయ్యం గోళ్లంటారు. మేం ఎందుకు సత్తన్నామో మీరు సెప్పీదాకా మా ఊళ్లో ఏదో ఒక దెయ్యం పుడతానే ఉంటాది.”

అర్జీ అందినట్టు ముద్ర వేసిన కాగితం చేతికొచ్చేదాకా ఆమె మెట్లు దిగలేదు.

2008లో మళ్లీ ఆ దారిన వెళ్లాను. ఎవరో వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లారట. జబ్బెందుకొస్తోందో మాత్రం ఇంకా తెలియదట. చింతచెట్టు ఉంది, గబ్బిలాలు ఉన్నాయి. తవిటమ్మ చెంప మీద గీతలు బూడిద రంగుకి తిరిగాయి. ఉతికిన చీర కట్టుకుని టెక్కలి బస్సుకి బయలుదేరుతోంది. ఎన్నోసారి అని అడిగితే లెక్క లేదంది. ఈసారి పద్నాలుగు మంది. అర్జీ రాద్దామని కలం తీయబోతే నా చెయ్యి ఆపింది.

“నువ్వొద్దులే బాబూ. మా భవ్యశ్రీ రాసీసింది.”