అత్తయ్య చేపల పులుసు చాలా బూసుక్

ఇప్పుడు మా ఆయన బయట వాన పడుతోందంటే, కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకుంటే గానీ గొడుగు తియ్యను. కొత్తగా పెళ్ళైన ఆ రోజుల్లో అలా కాదు. సింగపూర్‌లో సూర్యుడు కూడా పర్మిట్ తీసుకునే ఉదయిస్తాడని ఆయన చెబితే నమ్మేదాన్ని. (ఆ మాట నిజంగానే చెప్పాడు. ఒక పూట నమ్మాను కూడా.) నాది బాపట్ల. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఉద్యోగానికొచ్చి, పక్క టీములో పనిచేసే ఆయన్ని చేసుకున్నాను. ఆయన పుట్టింది మలేసియాలో, ఈపోలో. తాతల కాలంలో విశాఖ వైపు నుంచి తోటల పనికి వెళ్ళిన కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ, ఆ తెలుగులో సగం మా తాతమ్మల నాటిది, మిగతా సగం అరవం, మలయ్. బజారుని పాసార్ అంటారు, అయిపోయిందనడానికి సుడా అంటారు, ఊరికే అనడానికి చుమ్మా అంటారు. సింగపూర్‌లోనే, సెంగ్‌కాంగ్‌లో ఆయనా అత్తయ్యా ఉండే ఫ్లాట్‌కి కాపురానికొచ్చిన నాకు ఈ మాటలన్నీ నేర్పే బాధ్యత మా ఆయన తీసుకున్నాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టైంది.

ఆయనకి మనుషుల్ని ఆటపట్టించడం అన్నం నీళ్ళంత అవసరం. ఇక్కడి హాకర్ సెంటర్లో, అంటే తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే చోట, భోజనాల వేళ ఖాళీ బల్ల కనపడితే, దాని మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి తిండి తెచ్చుకోవడానికి వెళతారు. చోప్ చెయ్యడం అంటారు. మనవాళ్ళు బస్సు కిటికీలోంచి తుండుగుడ్డ వేసినట్టే. ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలిసిన ఈ సంగతి నాకు తెలీదు. "అవి గవర్నమెంట్ ఫ్రీగా పెడుతుంది లా, ఎన్ని కావాలంటే అన్ని తీసుకో" అన్నాడు మా ఆయన. (మాట చివర లా తగిలించడం ఇక్కడివాళ్ళ అలవాటు.) ఫ్రీ అన్నాక బాపట్ల పిల్ల ఊరుకుంటుందా. వరసగా బల్లలన్నీ తిరిగి హ్యాండ్‌బ్యాగు నింపాను. నా వెనక జనం వేడివేడి నూడుల్స్ ట్రేలు పట్టుకుని, తమ బల్ల ఏదో తెలీక తిరుగుతున్నారు. ఒక చైనీస్ ఆంటీ నా బ్యాగు వైపు వేలు చూపించి ఏదో గట్టిగా అంటే, పాపం ఆవిడకి దొరకలేదేమోనని ఒక ప్యాకెట్ ఇచ్చాను. మా ఆయన స్తంభం వెనక కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. విషయం తెలిశాక నేనూ నవ్వాను. ఆ టిష్యూలు మాకు చాలాకాలం వచ్చాయి.

అంతవరకూ బాగానే ఉంది. అసలు కథ చేపల పులుసుది. మా మామయ్యగారు మా పెళ్ళికి ముందే పోయారు. ఆయనకి అత్తయ్య చేసే వంజరం పులుసంటే ప్రాణమట. ఆయన పోయాక అత్తయ్య ఆ పులుసు జోలికే వెళ్ళలేదు. "మీ మావయ్య ఎల్లిపోయిన కాడ్నించి నా నోటికి రుసి తెలీటం నేదమ్మా. ఉప్పేసినా ఒకటే, ఎయ్యకపోయినా ఒకటే" అనేది. అలాంటిది, కొత్తకోడల్ని చూడ్డానికి ఈపో నుంచి తన చెల్లెలు, అంటే మా ఆయన పిన్ని, కుటుంబంతో వస్తోందని తెలిసి, ఆ ఉదయం తానే పాసార్‌కి వెళ్ళి చేప తెచ్చింది. ఈ పిన్ని సామాన్యురాలు కాదు, పక్కింటి సాంబారులో కూడా వంక పెట్టగలదు. అత్తయ్య గరిటెతో పులుసు చేతిలో వేసుకుని రుచి చూసి, నమ్మకం కుదరక, మళ్ళీ చూసి, మళ్ళీ చూసి, చివరికి దేవుడి మీద భారం వేసి దించింది. నాకు జాలేసింది. అందరి ముందూ వాళ్ళ భాషలోనే మెచ్చుకుందామనిపించి, చాలా రుచిగా ఉందనడానికి మీ ఇంట్లో ఏమంటారని మా ఆయన్ని అడిగాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బూసుక్" అన్నాడు.

అందరం కూర్చున్నాం. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. నిజంగానే అద్భుతంగా ఉంది. వెంటనే, పక్క ఫ్లాట్‌కి కూడా వినిపించేలా, "అత్తయ్యా, మీ పులుసు చాలా బూసుక్" అన్నాను. బల్ల చుట్టూ చేతులు ఆగిపోయాయి. ముద్ద నోటిదాకా వెళ్ళిన పిన్ని కళ్ళు పెద్దవి చేసి చూసింది. అత్తయ్య మొహం పాలిపోయింది. గరిటె మెల్లగా గిన్నెలో పెట్టి, "ఏటన్నావమ్మా? ఇంకోపాలి సెప్పు" అంది. వినపడలేదేమోననుకుని నేను ఇంకాస్త ఉత్సాహంగా, "ఇంత బూసుక్ పులుసు మా బాపట్లలో కూడా తినలేదు అత్తయ్యా" అన్నాను. అప్పుడు, నీళ్ళ కోసమని లేచి వెళ్ళిన మా ఆయన ఫ్రిజ్ దగ్గర నుంచి ఆపుకోలేక కిసుక్కున నవ్వడం వినిపించింది. అత్తయ్య తల తిప్పి కొడుకుని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. ఏమీ తెలియకుండా నవ్వుతూ కూర్చున్న నా మొహంలో ఆవిడకి ఏం కనిపించిందో గానీ, గరిటె తీసి నా కంచంలో ఇంకో ముక్క వేసింది. "నీకు బూసుక్‌గా ఉంటే అంతకన్నానా, ఏసుకోమ్మా" అంది. తర్వాత చెల్లెలి వైపు తిరిగి, కళ్ళలోకి సూటిగా చూస్తూ, "నీకూ ఏసీమంటావా? ఈయాల బాగా బూసుక్‌గా కుదిరింది" అంది. వంకలు పెట్టడమే వృత్తిగా బతికిన పిన్ని, అక్క కళ్ళు చూసి కంచం ముందుకు జరిపింది. "ఏసీ అక్కా, బూసుక్‌గానే ఉంది" అంది. ఆ తర్వాత బాబాయి, పిల్లలు, అందరూ బూసుక్ అంటూ గిన్నె ఖాళీ చేశారు. నేను మంచి మాట నేర్చుకున్నానని మురిసిపోయాను.

ఆ మురిపెం ఆ వారం కూడా నిలవలేదు. మా బ్లాకు కింద నాసి లెమాక్, అంటే కొబ్బరిపాల అన్నం, అమ్మే మలయ్ ఆంటీకి, నీ చేప చాలా బూసుక్ అని చెప్పాను. ఆవిడ కంగారుపడి చేపని ఎత్తి వాసన చూసింది. నా కంచం లాక్కుని మళ్ళీ వాసన చూసింది. తర్వాత ముక్కు మూసుకుని, చేత్తో విసురుకుంటూ చూపించి, బూసుక్ అంటే కుళ్ళి కంపు కొట్టేదని, రుచికరమైనదాన్ని సెడాప్ అంటారని విడమరిచి చెప్పింది. భర్త పోయాక మొదటిసారి పులుసు పెట్టిన మనిషితో, అందరి ముందూ, కుళ్ళు కంపు అన్నానన్నమాట. అదీ రెండుసార్లు, బాపట్లని సాక్ష్యం పెట్టి మరీ.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఆఫీసు నుంచి వచ్చిన మా ఆయన, "అయ్యో, చుమ్మా అన్నాను లా, జోకు" అన్నాడు. ఆ చుమ్మా అనే మాటకి కూడా ఊరికే అనే అర్థమో కాదో అని నాకు అప్పుడే అనుమానమొచ్చింది. ఏడుపు కంటే ఆ అనుమానమే భయపెట్టింది. ఆయన నేర్పిన మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. సుడా అంటే అయిపోయిందనేనా? పాసార్ అంటే బజారేనా? అసలు పెళ్ళికి ముందు ఏదో మలయ్ మాట చెప్పి, నువ్వంటే ప్రేమని దానర్థం అన్నాడే, అదైనా నిజమేనా? నోరు తెరిస్తే ఎవరిని తిడతానో తెలీని ఇంట్లో మనిషి ఏం మాట్లాడుతుంది. ఊఁ, ఉఁహూఁ తప్ప మానేశాను. అత్తయ్యకి మొహం చూపించలేక వంటింట్లోకి వెళ్ళడమే మానేశాను. ఒకటి రెండు రోజులు నవ్వులాటగా తీసుకున్న మా ఆయన, తర్వాత కంచం ముందు బిక్కమొహం వేసుకుని కూర్చునేవాడు.

అత్తయ్య ఒకరోజు భోజనాల దగ్గర నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కొడుకుతో మాట్లాడింది. ఆవిడ గొంతు పెంచలేదు. "నాను ఆ నిమిషం నా నాలికే సచ్చిపోయిందనుకున్నానురా. ఇంక ఈ జన్మకి వంట నేదనుకున్నాను. నువ్వు నాకు సేసింది అది. పోనీ, నాను తల్లిని, మరిసిపోతాను. ఈ పిల్ల నిన్ను నమ్మి ఆ మాట అంది. నమ్మి అన్న మాట మనింట్లో అబద్ధం అవ్వకూడదు. ఈయాల్టి నించి మనింట్లో రుసిగుంటే బూసుక్. ఆ సెడాప్ అనే మాట తిట్టు." మా ఆయన నవ్వబోయి, తల్లి నవ్వడం లేదని చూసి ఆగిపోయాడు. తర్వాత నా వైపు తిరిగి, "తప్పైంది" అన్నాడు. ఆ మాట చివర లా లేదు.

అత్తయ్య చదివింది తోట బడిలో నాలుగైదు తరగతులు. ఒక కోడలి తల ఎత్తి నిలబెట్టడానికి ఒక భాషలో మాట అర్థాన్నే తిరగేసింది. చుట్టూ ఊరు ఊరంతా ఒకటంటుంటే ఫ్లాటు గుమ్మం లోపల ఇంకొకటి చెల్లుబాటు చేసింది. ఆ ధైర్యం తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ ఒళ్ళు జలదరిస్తుంది. శాసనం అమలు కూడా గట్టిగానే జరిగింది. మా ఆయన పొరపాటున సెడాప్ అన్నాడంటే, అత్తయ్య మారు మాట్లాడకుండా కంచం తీసేసేది. ఈపో పిన్ని ఫోన్లో కూడా "ఏటక్కా, ఏం బూసుక్ సేసేవు ఈయాల" అని అడిగేది. మా అమ్మాయి మలయ్ స్నేహితురాలింటికి పండగ భోజనానికి వెళ్ళి, "సో బూసుక్, ఆంటీ" అనొచ్చిన రోజు నేను ఫోన్ చేసి చాలాసేపు క్షమాపణ చెప్పుకోవాల్సొచ్చింది. (అమ్మాయికి తప్పేమిటో అర్థం కాలేదు. "బట్ నానమ్మ సేస్ వాట్" అంది.) నాకు మళ్ళీ ఎప్పుడు మాటలొచ్చాయో నాకే తెలీదు. ఇప్పుడు ఆపమని బతిమాలుకుంటున్నారు.

ఇప్పుడు అత్తయ్య కుర్చీలో కూర్చుంటుంది, వంట నేను చేస్తాను. ఆ వంజరం పులుసు ఎన్నిసార్లు చేసినా ఆవిడ తిని, తల ఊపి, బూసుక్ అనేది. మొన్న ఆదివారం కూడా పెట్టాను. ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు నమిలి, మొహంలో ఏ భావమూ లేకుండా, "సెడాప్" అంది. మా ఆయన చేతిలో ముద్ద కిందపడింది. ఊరి మాటలో మెచ్చుకుందా, ఇంటి మాటలో తిట్టిందా? అడిగితే ఆవిడ చెప్పదు. మూసిన కళ్ళ కింద బుగ్గ మాత్రం కొంచెం కదిలింది. ఒకప్పుడు ఎవరేం చెప్పినా ఒకటే అర్థమనుకుని టిష్యూ ప్యాకెట్లు ఏరుకున్న బాపట్ల పిల్ల గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. కంచం తీసెయ్యాలో, ఇంకో ముక్క వెయ్యాలో తెలీక, గరిటె పట్టుకుని ఆవిడ పక్కనే నిలబడ్డాను. చివరికి ముక్క వేశాను, ఆవిడ వద్దనలేదు.