పోయినసారి ఎలాగో అలాగే!

ఎవారిస్ట్‌కు ఒకటే పిచ్చి. ఏ పనైనా పోయినసారి ఎలా జరిగిందో ఈసారీ అచ్చం అలాగే జరగాలి. చర్చిలో ఫాదర్ కొత్త పాట ఎత్తుకుంటే, ఈయన వెనక బల్ల మీంచి పాతదే పాడతాడు, అదీ గట్టిగా. సెయింట్ లూసియా దీవి మొత్తంలో అంత మొండిఘటం మరొకటి లేదని ఊరి నమ్మకం.

అలాంటి మనిషికి అడవిశాఖవాళ్ళు పిట్టల పని మళ్ళీ అప్పగించారు. పదేళ్ళ కిందట కొండ మీద సన్నని వలలు కట్టి, పడిన పిట్టల రెక్క నరంలోంచి చుక్క నెత్తురు తీసి వదిలేశారు. పిట్టలకూ మలేరియా ఉంటుంది. దోమే మోస్తుంది గాని మనుషులకు అంటదు. ఆ క్రిములు ఈ దీవిలో ఒక రకమైతే పక్క దీవిలో మరో రకం.

"పిట్ట అదే, చెట్టు అదే, లోపల అద్దెకున్నవాళ్ళే మారిపోతుంటారమ్మాయ్" అన్నాడు, పనికి తోడొచ్చిన ఫిలోమెన్‌తో. "ఎవరు ఖాళీ చేశారో, ఎవరు దిగారో తేలాలంటే మిగతాదేదీ మారకూడదు."

పిట్టలను వలలోంచి ఒడుపుగా తీయడంలో ఫిలోమెన్‌ది పెట్టింది పేరు. కాని ఈ కొండకు రావడం ఆమెకిదే మొదలు. ఆయన అప్పటి చొక్కాలోనే దిగాడు. చొక్కా అదే గాని పొట్ట అది కాదు.

"బొత్తాలు వదిలెయ్యి బాబాయ్, ఊపిరాడక చస్తావు!"

"పోయినసారి పెట్టుకున్నాను" అని ఊపిరి బిగబట్టి పెట్టుకున్నాడు. ఒక బొత్తం ఎగిరి ఉప్పుచేపల గిన్నెలో పడింది.

వెనకాల ఒక మేక. పోయినసారి ఎవరిదో మేక దారిపొడుగునా వెంటపడిందట. అది కాలం చేసింది కనుక దాని మనవరాలిని అడిగి తెచ్చాడు.

ఇంతవరకూ నవ్వుకుంది ఫిలోమెన్. మేక వెనక ఎవారిస్ట్ పాత నేస్తం క్లోవిస్ కనపడేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

క్లోవిస్ పెళ్ళాం పోయినప్పటినుంచి వరండా దిగలేదు. తెచ్చిపెట్టిన కూడు కోళ్ళకు వేస్తున్నాడని వినికిడి. పైగా చేతులకు వణుకు. కోకో టీ తాగితే సగం చొక్కా తాగుతుంది.

"పోయినసారి వలలోంచి పిట్టల్ని తీసింది వీడే. ఈసారీ వీడే తీయాలి" అన్నాడు ఎవారిస్ట్.

"ఆ చేతులతోనా? కాలు విరిచేస్తాడు బాబాయ్!"

"వాడు లేకపోతే పదేళ్ళ పని సముద్రం పాలు."

క్లోవిస్ నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

వల కట్టాక కాసేపటికి పడింది కరూజ్. నలుపూ నారింజా కలిసిన పిట్ట, ఈ దీవి తప్ప మరెక్కడా బతకని పిట్ట. తల ఒక వలకన్నులో, కాలు మరో కన్నులో ఇరుక్కుంది. అంతలోనే కొండ మీంచి వాన చప్పుడు మొదలైంది. వలలో తడిస్తే పిట్ట చలికి పోతుంది.

క్లోవిస్ చెయ్యి పెట్టాడు. వల మొత్తం వణికింది. దారం పిట్ట మెడకు ఇంకో చుట్టు పడింది.

"నేను తీస్తా!" ఫిలోమెన్ ముందుకు దూకింది. ఎవారిస్ట్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"చస్తుంది బాబాయ్!"

ఆయన ముఖం పాలిపోయింది. అయినా ఆమెకు దారి ఇవ్వలేదు. ఒక్క అంగలో వెళ్ళి, వెనకనుంచి క్లోవిస్ మణికట్లు రెండూ పట్టుకున్నాడు.

"నన్ను వదలరా, దున్నపోతా!"

"కాలు ముందు తియ్యరా, గుడ్డి గబ్బిలమా!"

చినుకులు పడుతున్నాయి. పిట్ట నోరు తెరిచింది. కాలు వచ్చింది. రెక్క వచ్చింది. మెడ దగ్గర దారం జారడం లేదు. క్లోవిస్ వంగి, మిగిలిన ఒక్క ముందుపన్నుతో దాన్ని కొరికాడు. ఊడివచ్చిన కరూజ్ కృతజ్ఞతగా ఆయన ముక్కు పట్టుకుని కసుక్కున పొడిచింది.

"అమ్మ నీ...!" అని అరిచి, క్లోవిస్ పకపకా నవ్వాడు. ఎన్ని నెలలకో!

గుడారం కింద నెత్తురు చుక్క తీశారు. వాన తగ్గాక పిట్టను వదిలారు. క్లోవిస్ గిన్నె తుడిచి మరీ రెండోసారి వడ్డించుకున్నాడు. ఎవారిస్ట్ మేకను కట్టడానికి పక్కకు వెళ్ళగానే, ఫిలోమెన్ చెవిలో గుసగుసలాడాడు.

"అమ్మాయ్, వాడితో అనకు. పోయినసారి నేనిక్కడ లేను. పక్క దీవి మార్టినీక్‌లో అరటి గెలలు మోస్తున్నా. పాపం, ముసలాడికి మతి పోతోంది. నువ్వూ ఉన్నావురా అని ఇంటి ముందు కూర్చుని ఒకటే గొడవ. ఒంటరి ప్రాణి, మనసు నొప్పించడమెందుకని వచ్చేశా."

ఫిలోమెన్ చరచరా మేక దగ్గరికి నడిచింది.

"బాబాయ్, పోయినసారి ఆయన లేడట!"

"నాకు తెలియదా?" అన్నాడు ఎవారిస్ట్, తాడు ముడి వేస్తూనే. "రమ్మంటే వస్తాడా వాడు? అవసరమంటే వస్తాడు."

"మరి మేకతో సహా ఏదీ మారకూడదని ప్రాణాలు తీశావు కదా! ఇంత అబద్ధమా?"

ఎవారిస్ట్ గుడారం వైపు చూశాడు. క్లోవిస్ మూడో రొట్టె అందుకుంటున్నాడు.

"ఈసారికే అబద్ధం" అన్నాడు. "వచ్చేసారికి నిజమే కదే, పిచ్చిదానా!"